సగం చద్దరు

దిల్‌సుఖ్‌నగర్,
8 ఫిబ్రవరి 1987

బామ్మర్ది మార్కండేయులుకు బావ కోదండం దీవెనలు.

ఇక్కడ సగం క్షేమం. అక్కడ షోలాపూర్‌లో నీకూ నీ పవర్‌లూములకూ పూర్తి క్షేమమే అనుకుంటాను.

పుష్యమాసంలో నాకు పక్షవాతం వచ్చిన సంగతి టెలిగ్రాంలో చూసే ఉంటావు. దవాఖాన నుంచి ఇంటికి పంపించారు. మాట గట్టిగానే ఉంది, అది నీకు తెలిసిందే, పక్షవాతం కాదు కదా పిడుగు పడ్డా నా మాట పోదు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచెయ్యడం లేదని అక్కడి డాక్టరు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా ఒళ్ళు నాకు తెలియదా?

ఒక్కటే ఇబ్బంది. నా మంచంలో ఎవరిదో చెయ్యి పడి ఉంటున్నది. లేచి చూసుకుంటే పొట్ట మీద ఉంటుంది, బరువుగా, చల్లగా. ఎవరిదని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు లేరు. కిరాయి ఇల్లు గదా, ముందున్నవాళ్ళు మరచిపోయి ఉంటారని ఊరుకున్నాను.

అసలు సంగతి మీ అక్క గురించి. ముప్పయ్యారేండ్ల సంసారంలో లలిత మీద నేను ఒక్క చాడీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాకు కూర పెట్టడం లేదు. కంచంలో అన్నం ఉంటుంది, పక్కన ఇంత పచ్చడి ఉంటుంది, అంతే. "కూరేదే?" అని అరిస్తే గాజుల చప్పుడు వస్తుంది గాని మనిషి రాదు, మాట రాదు. అప్పుడప్పుడు కంటి ముందర మెరుపులా మెరిసి మాయమవుతుంది. రోగం వచ్చిన మొగుడి దగ్గర కాసేపు కూర్చుంటే ఏం పోతుంది?

పక్క వాటాలో గోపయ్య మాస్టారుంటారు, తెనాలి దిక్కు మనిషి. ఆయనకూ ఇదే రోగం. ఆయనకు మాట పోయింది. ఏమడిగినా "సరే" అనే ఒక్క ముక్క మిగిలింది. వాళ్ళ డాక్టరు మిషను పెట్టి ఆయన తలకాయ లోపల ఫోటో తీయించాడట. నా కిటికీలోంచి వాళ్ళ వరండా కనిపిస్తుంది. ఆయన భార్య సుమిత్రమ్మ పొద్దంతా ఆయన పక్కనే కూర్చొని చేతులతో సైగలు చేస్తూ ఎంత ప్రేమగా చూసుకుంటుందో! చూసి కండ్లల్లో నీళ్ళొచ్చాయి. మాట ఉన్నవాడికి మనిషి లేదు, మనిషి ఉన్నవాడికి మాట లేదు.

ఉంటాను. కూర వాసన వస్తున్నది. ఎక్కడినుంచో తెలియదు.

కోదండం


షోలాపూర్,
17 ఫిబ్రవరి 1987

బావగారికి మార్కండేయులు నమస్కారాలు.

మీ ఇన్‌లాండ్ లెటర్ అందింది. చదివాక ముద్ద దిగలేదు. కాసేపటికి దిగింది గాని రుచి తెలియలేదు.

ఆ చెయ్యి సంగతి నాకు అర్థం కాలేదు, మీ ఇంటి ఓనరును అడగండి. కానీ మా అక్క సంగతి మాత్రం బాగా అర్థమైంది. మీరు కాగితం కుడి సగంలోనే రాసి ఎడమ సగం తెల్లగా వదిలారు. ఎందుకా అని చాలాసేపు ఆలోచించాను. ప్రతి ఉత్తరంలోనూ అక్క నాలుగు ముక్కలు రాసేది గదా, ఆమె కోసం ఆ జాగ వదిలారు. ఆమె దాంట్లో ఒక్క అక్షరం రాయలేదు! సొంత తమ్ముడికి! అంత రోగంలో కూడా మీరు ఆమెకు సగం కాగితం వదిలారు, ఆమె మీకు సగం కూర కూడా వదల్లేదు.

ఆమె రాసేదాకా నేను ఆమెకు రాయను. మా నాయన మొండితనం నాకొచ్చింది, మా అమ్మ మొండితనం అక్కకొచ్చింది. ఎవరిది గట్టిదో చూద్దాం.

మా గల్లీలో ఒకాయనకు ఇట్లాగే పక్షవాతం వస్తే పావురం నెత్తురు రాశారు. లేచి నడిచాడట. నడుచుకుంటూ ఎటు పోయాడో మళ్ళీ కనబడలేదు. కాబట్టి మీరు ఆ పని చెయ్యకండి.

మీకోసం మంచి చద్దరు పంపుతున్నాను. ఇద్దరు కప్పుకున్నా కాళ్ళు బయటికి రావు. నిండా నెమలి బొమ్మ, రెండు దిక్కులా అంచు. పక్కన నిలబడి నేయించాను.

మీ బామ్మర్ది
మార్కండేయులు


దిల్‌సుఖ్‌నగర్,
1 మార్చి 1987

బామ్మర్దికి,

దీవెనలు తరువాత. ముందు చద్దరు సంగతి.

నువ్వు కూడానా మార్కండేయులూ? సగం చద్దరు పంపుతావా? ఒక్కటే అంచుంది. నెమలికి తోక ఉంది, తల లేదు. రోగిష్టివాడికి ఇంత చాలనుకున్నావా? దుకాణంలో కోసిన ముక్కలు మిగిలితే బామ్మర్దులు బావలకు పంపుతారని నాకు ఇన్నాళ్ళు తెలియదు. అయినా కప్పుకుంటున్నాను, ఇచ్చింది నువ్వు గనుక.

ఇంకో ఘోరం విను. నిన్న మేస్త్రీ మట్టయ్య ఆటో తెచ్చి, మన కొత్త ఇల్లు చూపిస్తానని ఎల్‌బీ నగర్ అవతల వనస్థలిపురానికి తీసుకుపోయాడు. అక్కడ రోడ్డు లేదు, బోర్డు లేదు. ఎవరింటికి పోవాలన్నా ఇసుక కుప్పలే గుర్తు. మూడో కుప్ప దాటి ఆపి "గిదే మీ ఇల్లు సారూ" అన్నాడు. చూస్తే సగం ఇల్లు! ముందర రెండు కిటికీలు పెట్టమంటే ఒక్కటే పెట్టాడు. రెండు అరుగులకు ఒక్కటే కట్టాడు.

"రెండో కిటికీ ఏదిరా?" అన్నాను.

"గాడనే ఉన్నది గద సారూ, మీ ముందటనే!"

"యాడున్నది? గాలిల ఉన్నదా?"

వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపినవాణ్ణి చూశాను గాని కిటికీ మింగినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. మీ అక్క అక్కడ ఉందో లేదో తెలియదు, గాజులు మాత్రం గలగలమన్నాయి.

అందరూ నన్ను సగం మనిషిని చేశారు. నేనొక నిర్ణయానికి వచ్చాను. వైశాఖంలో గృహప్రవేశం. ఆ పీటల మీద మీ అక్కతో నేను కూర్చోను. ఎవరిని కూర్చోబెట్టుకుంటుందో ఆమె ఇష్టం. ఇల్లు ఆమెకే వదిలేసి షోలాపూర్ వస్తున్నాను. నాకు మూడు పూటలా జొన్నరొట్టె చాలు. అది మాత్రం గుండ్రంగా, మొత్తం ఉండాలి.

నీ బావ
కోదండం


షోలాపూర్,
9 మార్చి 1987

అక్కకు,

నమస్కారం రాయడం లేదు. నువ్వు రాసేదాకా రాయనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి రాస్తున్నాను, ఎందుకంటే విషయం చద్దరుదాకా వచ్చింది.

బావ చద్దరు ఎందుకు కోశావు? నేను పంపింది నిండు చద్దరు. బావకు అందింది సగం. మధ్యలో పోస్టాఫీసువాళ్ళు కత్తెర పట్టుకొని కూర్చోరు గదా! మిగతా సగం ఎవరికిచ్చావు? నెమలి తల ఇప్పుడు ఎవరింట్లో ఉంది?

కూర పెట్టవు, పలకవు, పక్కన కూర్చోవు, ఇల్లు సగమే కట్టించావు. ఆయన నీకు ఏం తక్కువ చేశాడు? పోచంపల్లిలో మగ్గం గుంతలో కూర్చొని నేసి నేసి, పట్నం వచ్చి చీరలు మోసి మోసి నీకు ఇల్లు కట్టించిన మనిషి!

గృహప్రవేశానికి ముందే కులసంఘం పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకొని వస్తాను. వాళ్ళ ముందర నువ్వు జవాబు చెప్పాలి. చెప్పకపోతే బావను నాతో తీసుకుపోతాను. మన ఇంటి ఆడపిల్ల మొగుడికి కూర పెట్టలేదన్న మాట విని నేను ఇక్కడ తలెత్తుకోలేకపోతున్నాను.

మార్కండేయులు


దిల్‌సుఖ్‌నగర్,
16 మార్చి 1987

తమ్ముడు మార్కండేయులుకు,

నువ్వు నమస్కారం రాయకపోతే నేను దీవెన రాయకుంట ఉంటనా? పెద్దదాన్ని. నూరేండ్లు బతుకు. ఇగ ఇను, గాడిదా.

చద్దరు నిండుగ ఉన్నది. మెడకాడికెల్లి కాళ్ళదాక ఆయన మీదనే ఉన్నది. అనుమానముంటే వచ్చి గజం కట్టె పెట్టి కొలుసుకో. కూర రోజూ పెడుతున్న. ఆయన కండ్ల ముందట కంచంల కూర అట్లనే ఎండిపోతది, ముట్టడు. ఇంటికి రెండు కిటికీలున్నయి. మట్టయ్య పాపం ఆ దినం ఆటోల ఏడ్చినంత పని చేసిండు. ఈయన రాసిన ఉత్తరాలు అంటించి సుమిత్రమ్మ చేతికిస్తడు, నాకు చూపియ్యడు. అండ్ల గివన్ని రాసిండా? మంచిది.

పొద్దుగాల లేచిన కాడికెల్లి ఆయన ఎడమ దిక్కే కూసుంటున్న. పెండ్లాం ఎడమ దిక్కు గాక యాడ కూసుంటది? లగ్గమైన నాడు కూసోబెట్టిన్రు, గదే జాగ. ఆ చల్లబడ్డ చెయ్యి ఒళ్ళె పెట్టుకొని ఒత్తుకుంట కూసుంట. ఆయన నా పక్కనుండి నన్నే పిలుస్తడు, "లలితా, యాడ సచ్చినవే" అని. నేను సైగ చేస్త. మొఖం అటు తిప్పుకుంటడు.

సైగ ఎందుకంటవా? గోపయ్య మాస్టారుకు వాళ్ళ డాక్టరు చెప్పిండట, మాటలతోటి ఆయన్ని సతాయించొద్దు, ఎడమ పక్కన కూసొని చేతులతోటి చూపియ్యాలె అని. "రోగం ఒకటే కదండీ వదినగారూ, వైద్యం మాత్రం వేరే ఎందుకుంటుంది? మీరూ అలాగే చెయ్యండి, నిక్షేపంలా తిరుగుతారు" అన్నది సుమిత్రమ్మ. నిజమే గదా అనుకున్న. గా దినం నుంచి నోరు కుట్టుకొని కూసున్న. నేను! నోరు మూసుకొని! నీకు తెలుసు గద అది నాకు ఎంత కష్టమో. సైగలు చేసి చేసి చేతులు గుంజుతున్నయి.

ఇంత చేస్తే మా తమ్ముడు సంఘం పెద్దలను తెస్తనంటడు. తే. నాకు భయం లేదు. భయం ఒక్కదానికే. ఈ మనిషి నన్ను చూడలేకున్నడా, చూడొద్దనుకుంటున్నడా? గది తెల్వక పానం కొట్టుకుంటున్నది. ముప్పయ్యారేండ్ల తరువాత మొఖం తిప్పుకుంటే ఎవరికి చెప్పుకోవాలె తమ్మీ? ఏడుపొస్తది, ఏడిస్తె చప్పుడైతదని అది గూడ మింగుతున్న.

ఈ వారం ఆయన్ని మాస్టారు డాక్టరు కాడికి తీసుకపోత. మాస్టారుకు తీసినట్టే ఈయనకు గూడ తలకాయ ఫోటో తియ్యమంట. చూడొద్దనుకుంటున్నడని తేలితే నువ్వే వచ్చి తీసుకపో. నేను అడ్డం రాను. నెమలి తల గూడ మీ బావతోటే పంపిస్త.

మీ అక్క
లలిత


దిల్‌సుఖ్‌నగర్,
4 ఏప్రిల్ 1987

బామ్మర్ది మార్కండేయులుకు బావ దీవెనలు.

పెద్ద సంగతి జరిగింది. నింపాదిగా చదువు.

నన్ను పట్నంలో గోపయ్య మాస్టారు డాక్టరు ఉండే దవాఖానకు తీసుకుపోయి, గుండ్రటి పెద్ద మిషను నోట్లో తల పెట్టి పడుకోబెట్టారు. "కదలకూడదు" అన్నారు. "మగ్గం గుంతల ఇరవై ఏండ్లు కూసున్నోణ్ణి సారూ, మీరే కదులుతరు గాని నేను కదల" అన్నాను. తీశాక ఆ నల్ల ఫిల్మును డాక్టరుగారు గోడకున్న లైటు డబ్బాకు తగిలించారు. కొత్తపేట పండ్ల మార్కెట్లో అడ్డంగా కోసిపెట్టిన బత్తాయికాయల్లా వరుసగా నా తలకాయ బొమ్మలు. ఒక బొమ్మ మీద వేలు పెట్టి, "ఇందులో మచ్చ ఎక్కడుందో చెప్పండి కోదండం గారూ" అన్నారు.

బాగా చూశాను. "ఏ మచ్చ లేదు. సాఫ్‌గ ఉన్నది. మంచి సరుకు" అన్నాను.

"మళ్ళీ చూడండి."

ఇక్కడ నా బుద్ధి మేలుకుంది. ఏ బట్టనైనా తిరగేసి చూడకుండా నేను మంచిదని అన్నానా ఎప్పుడైనా? మన పోచంపల్లి చిటికి బట్టకు లోపలి దిక్కు, బయటి దిక్కు అని లేదు. నేసే ముందే పోగుకు రంగు అద్దుతాం గనుక పువ్వు రెండు దిక్కులా ఒక్కతీరే ఉంటుంది. ఒక దిక్కు ఉండి ఇంకో దిక్కు మాసినట్టుంటే అది మిషను అచ్చు, దొంగ సరుకు. "జర దాన్ని తిరగేసి పెట్టండి సారూ" అన్నాను. ఆయన నవ్వి తిరగేసి పెట్టారు.

మార్కండేయులూ, ఇంత నల్లటి మచ్చ! రేగుపండంత!

"దొరికిన్రు! ఒక దిక్కు మచ్చ ఉన్నది, ఇంకో దిక్కు లేదు. ఇది దొంగ సరుకు" అన్నాను.

డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నారు. "సరుకు మంచిదే. మచ్చ రెండుసార్లూ ఉంది. ముందు మీకు ఎడమ పక్కన ఉంది, తిరగేస్తే కుడి పక్కకు వచ్చింది. ఫిల్ము ఎదురుగా నిలబడ్డ మనిషిలాంటిది, తల కుడి భాగం చూసేవాళ్ళకు ఎడమ పక్కన పడుతుంది. మీ కళ్ళకు ఏమీ కాలేదు. మీ మెదడు కుడి భాగానికి దెబ్బ తగిలింది. ఎడమ పక్కన ఒక లోకం ఉందన్న సంగతే అది మరచిపోయింది" అన్నారు.

తలకాయ యవ్వారం కూడా సర్కారు తీరే ఉంది. ఇల్లు వనస్థలిపురంలో, దాని కాగితాలు పట్నం ఆ చివర దఫ్తరులో. కుడి మెదడు చెడితే ఎడమ దిక్కు పోతుందట.

"అయితే కూర?" అన్నాను.

"అక్కడే ఉంది."

"కిటికీ? నెమలి తల?"

"అన్నీ అక్కడే ఉన్నాయి. మెల్లగా ఎడమవైపు మెడ తిప్పండి. ఇంకా, ఇంకా తిప్పండి" అన్నారు.

తిప్పాను. ఆ తరువాత జరిగింది నేను రాయలేను. మీ అక్క అక్కడ ఉంది, అంత మాత్రం రాస్తున్నాను. మంచంలో దొరికిన ఆ చెయ్యి కూడా నాదేనట. ఒప్పుకున్నాను.

డాక్టరుగారు మీ అక్కను కూడా మందలించారు. "గోపయ్య గారి ఫిల్ములో మచ్చ ఎడమ భాగంలో ఉంది, అది మాటలుండే చోటు. ఆయన వైద్యం ఆయన ఫిల్ము చూసి చెప్పింది. దాన్ని ఈయనకెలా వాడారమ్మా? రెండిళ్ళల్లో కరెంటు పోయిందని ఒక ఇంటి ఫ్యూజే మారుస్తారా? మీరు ఎడమవైపే కూర్చోండి, అది మంచిదే. కానీ మాట్లాడండి. ఎంత మాట్లాడితే అంత మంచిది. మీ గొంతు ఎటు వినిపిస్తే ఆయన అటు తిరగడం నేర్చుకుంటారు" అన్నారు.

ఆ మాట ఆయన కొంచెం మెల్లగా అనాల్సింది. మీ అక్క ఆటోలోనే మొదలుపెట్టింది. మలక్‌పేట వచ్చేసరికి పుష్యమాసం అయిపోయింది, దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి మాఘం అయిపోయింది. ఫాల్గుణం ఇంట్లో నడుస్తున్నది. ఇక తిరగక ఎక్కడికి పోతాను?

కోదండం


షోలాపూర్,
12 ఏప్రిల్ 1987

బావగారికీ అక్కకూ నమస్కారాలు. అక్కకు రెండు, పోయినసారిది కలిపి.

మీ ఉత్తరం చదివి నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. నా ఇంటావిడ భయపడి నాకే పక్షవాతం వచ్చిందనుకుంది. అక్కా, నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు చేశాను. వచ్చాక నాలుగు తిట్టు, తల వంచుకొని పడతాను.

ఒక చిక్కు ఉంది. సంఘం పెద్దలకు పంచాయితీ లేదని చెప్పాను. "పంచాయితీ లేకపోతే మానె, గృహప్రవేశం భోజనం ఉంటుంది గదా" అంటున్నారు. వాళ్ళకు రైలు టికెట్లు కొనడం కూడా అయిపోయింది. ఇద్దరికి విస్తళ్ళు ఎక్కువ వెయ్యండి.

పుట్టింటి చీర నేనే తెస్తున్నాను. కానీ బావా, మీరు పీటల మీద కూర్చుంటారో లేదో ఇంకా రాయలేదు. మెడ తిప్పినప్పుడు ఏం జరిగిందో కూడా దాచిపెట్టారు. మీ ఉత్తరంలో ఎడమ సగం ఇంకా ఖాళీగానే ఉంది. నెమలి తల కనిపించిందా? అది తేలితే గాని నాకు నిద్ర పట్టదు.

మార్కండేయులు


దిల్‌సుఖ్‌నగర్,
20 ఏప్రిల్ 1987

(కుడి సగంలో)

బామ్మర్దికి దీవెనలు.

కూర్చుంటాను. మీ అక్క ఎడమ పక్కన, నేను ఆమె దిక్కు తిరిగి. పంతులు ఎటు చూడమన్నా నేను అటే చూస్తానని ఆయనకు ముందే చెప్పి పెట్టాను.

నెమలికి తల ఉంది. ముక్కు కూడా ఉంది. నీ మీద వేసిన నింద తీసేసుకుంటున్నాను. మట్టయ్యకు కూడా కబురు పంపాను. "ఇప్పుడు కిటికీ కనవడ్డది గని సారూ, జర వంకరున్నట్టున్నది, ఏమనకుండ్రి" అన్నాడట.

మీ అక్క నా కంచం ఎడమ పక్కన ఎర్ర నూలు పోగు పెడుతుంది. అది కనబడేదాకా మెడ తిప్పకుండా ముద్ద ముట్టుకోవద్దని డాక్టరుగారి హుకుం. ఇప్పుడు కూరదాకా పోతున్నాను. ఈ కాగితం ఎడమ అంచున కూడా ఎర్ర గీత గీసిందట. ఎంత వెతికినా ఇంకా దొరకలేదు, చెయ్యి మధ్యలోనే ఆగిపోతున్నది.

గోపయ్య మాస్టారుకు మాటలు రాకపోయినా పాట వస్తుందని డాక్టరుగారే కనిపెట్టారు. నిన్న కాఫీలో చక్కెర తక్కువైందని రాగం తీశారు. సుమిత్రమ్మ సంతోషంతో ఇంకో గ్లాసు ఇచ్చింది.

పెద్దలిద్దరికీ విస్తళ్ళు ఉంటాయి. తొందరగా రా.

కోదండం

(ఎడమ సగంలో, వేరే చేతిరాతతో)

తమ్మీ, ఈయన ఇంత దూరం రాడు. అందుకని ధైర్యంగ రాస్తున్న.

ఆ దినం డాక్టరు మెడ తిప్పమంటే మెల్లగ తిప్పుకుంట తిప్పుకుంట నా కాడికొచ్చి ఆగిండు. చానసేపు చూసిండు. "ఎప్పుడొచ్చినవే లలితా?" అన్నడు. పుష్యమాసం నుంచి ఈడనే ఉన్నానని గట్టిగ చెప్దామనుకున్న. కని అలవాటైన చేతులే ముందు లేసినయి, సైగనే చేసిన, ఈడనే ఉన్నా అని. ఆయన ఆ సైగ చూసి చిన్న పోరని లెక్క ఏడ్చిండు. "కూర గూడ తెచ్చినవా?" అన్నడు ఏడ్చుకుంటనే.

నా మీద చాడీలు రాసిండని కోపం ఇంక పోలేదు. పోనియ్య గూడ, కొన్ని దినాలు ఉంచుకుంట. కని చూడలేక చూడలేదు తమ్మీ, చూడొద్దని కాదు. నాకు గది చాలు.

ఇది ఆయనకు తెలిస్తే నన్ను ఆట పట్టిస్తడు. చదివి చింపెయ్యి.

మీ అక్క

(ఎడమ అంచున, ఎర్ర గీతను ఆనుకొని, వంకర అక్షరాలతో)

చూసిన. చింపకు.

కోదండం